వదిన చేతులు తీయించింది నేనే

తొమ్మిదేళ్లుగా ఒక మాట నా దగ్గరే ఉండిపోయింది. నిజానికి అది మా పక్క క్వార్టర్ వదినకు చెప్పాల్సిన మాట. ఆవిడకు చెప్పలేక మీకు చెబుతున్నాను.

నేను భిలాయిలో, స్టీల్ ప్లాంట్లో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యాను. సప్లై ఆపించి, తాళం వేసి, బోర్డు తగిలించకుండా ఏ మోటారు మీదా చెయ్యి వేయలేదు. ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్ కూడా ఉంది. అందుకని మా వీధిలో ఎవరికి ఏమైనా ముందు నన్నే పిలిచేవారు. అది నాకు బాగానే ఉండేది.

వదిన భర్త అప్పలరాజు అన్నయ్యది మా విజయనగరం వైపే. ఆయనకు పేస్‌మేకర్ వేశారు. కాలర్ ఎముక కింద అగ్గిపెట్టెంత ఉబ్బు. చొక్కా గుండీ తీసి, "సూడరా, నాకూ బ్యాటరీ ఎట్టేరు" అని నవ్వేవాడు.

ఒక ఆదివారం ఉదయం జామచెట్టుకు నీళ్లు పోస్తూ పడిపోయాడు. ఊపిరి లేదు. నేను గోడ దూకి వెళ్లేసరికి వదిన ఆయన ఛాతీ మధ్యలో రెండు చేతులూ పెట్టి గబగబా నొక్కుతోంది. ఫోన్‌లో ఎప్పుడో చూసిందట.

"వదినా, సెయ్యి తియ్యండి! లోపల మిషనుంది. కరెంటు కొడతాది, మిషను పాడైపోద్ది!" అని అరిచాను.

వెంటనే తీసేసింది. నా మాట కదా. అంబులెన్సు వచ్చేదాకా అందరం నిలబడి చూశాం. నేను ఆయన అరికాళ్లు రుద్దాను. ఏదో ఒకటి చేస్తున్నట్టు ఉండాలి కదా. ఆయన బతకలేదు.

పదకొండో రోజున వదిన నన్ను పక్కకు పిలిచింది.

"బాబూ, నాను నొక్కబట్టే ఆ మిషను ఆగిపోనాదేటి?"

"ఇప్పుడవన్నీ ఏల వదినా" అన్నాను. ఆవిడ తల ఊపింది. నేను అవునన్నట్టే తీసుకుంది.

అప్పటికి నాకూ తెలియదు. నాలుగు నెలల తర్వాత ప్లాంట్లో మళ్లీ ఫస్ట్ ఎయిడ్ ట్రైనింగ్ ఇచ్చారు. ఎవరి గురించో అన్నట్టు అడిగాను, పేస్‌మేకర్ ఉన్నవాళ్లకైతే ఎలాగని. అందరికీ నొక్కినట్టే నొక్కాలి, ఉబ్బు మీద కాకుండా ఛాతీ మధ్యలో, నొక్కేవాళ్లకు ఏ ప్రమాదమూ లేదు, ఆపితేనే ప్రమాదం అన్నారు. ఆ సాయంత్రం పవర్ హౌస్ బజారు దగ్గర ఆటో దిగి ఇంటికి నడిచాను. వదిన గుమ్మంలోనే ఉంది. పలకరించింది. నేను చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదు? పాత గాయం కెలకడం ఎందుకని నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. ఆవిడ నన్ను చూసే చూపు మారిపోతుందని భయపడ్డాను, అంతే. నొక్కితే బతికేవాడా? ఏమో. ఆ ప్రశ్నకు జవాబు లేకుండా చేసిందీ నేనే.

పోయిన వారం వాళ్లింట్లో టీ తాగుతున్నాను. మనవడికి జలుబు. గుండెల మీద మందు రాయమని కోడలు సీసా అందిస్తే వదిన చేతులు వెనక్కి తీసుకుంది. "నువ్వే రాయమ్మా, నా సెయ్యి మంచిది కాదు" అంది. మామూలుగానే అంది, ఉప్పు అందుకోమన్నట్టు. నేను టీ పూర్తిచేసి వచ్చేశాను.

రేపు చెబుతానని మీకు మాటివ్వను. ఇన్నేళ్లూ చాలా రేపులు వచ్చాయి. కానీ ఇది ఎప్పుడూ ఎక్కడా రాయలేదు, ఇప్పుడు రాస్తుంటే కాస్త ఊపిరి ఆడుతోంది. ఆ రోజు ఆవిడ సరిగ్గానే నొక్కుతోంది. ఆపింది నేను.