పన్నెండు దానిమ్మ గింజలు

2015 జూన్‌లో నాకు గెజిటెడ్ ప్రధానోపాధ్యాయురాలిగా పదోన్నతి వచ్చింది. అప్పటిదాకా ఆలేరు చుట్టుపక్కల బళ్ళలోనే లెక్కల టీచరుగా పనిచేశాను. పదోన్నతికి జోన్ మొత్తం ఒకటే కాబట్టి ఖాళీ ఎక్కడుంటే అక్కడికి వెళ్ళాలి. నాకు వచ్చింది మహబూబ్‌నగర్ జిల్లాలో, కోస్గి దగ్గరి ఒక పల్లెలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. కోస్గిలో ఒక గది కిరాయికి తీసుకుని రోజూ ఆటోలో బడికి వెళ్ళేదాన్ని.

లెక్కల మనిషిని కాబట్టి నాకు రిజిస్టర్ల మీద నమ్మకం ఎక్కువ. పిల్లల పేర్లు, హాజరు, మధ్యాహ్న భోజనం, అన్నీ ఏ రోజువి ఆ రోజు పూర్తి కావాల్సిందే. నా వెనుక టీచర్లు నన్ను ఏమని పిలిచేవారో నాకు తెలుసు, ఇక్కడ రాయను. ఆ బడిలో రిజిస్టరుకు లొంగని సంగతి ఒకటుండేది. దసరా దాటిందంటే హాజరు పట్టీ సగం ఖాళీ అయ్యేది. ఆ ఏడు వానలు కూడా సరిగ్గా లేవు. కందులు, జొన్నలు చేతికి రాక జనం గుంపు మేస్త్రీల వెంట పూణె, బొంబాయి పనులకు బయలుదేరారు. కూలీలను కూడగట్టి పని చోటికి తీసుకుపోయే మనిషిని అక్కడ గుంపు మేస్త్రీ అంటారు. తల్లిదండ్రుల వెంట పిల్లలూ పోతారు. పోయిన పిల్లలు వేసవికి తిరిగొచ్చినా, బడికి మాత్రం సగం మందే వస్తారు.

దీనికి విరుగుడుగా ప్రభుత్వం సీజనల్ హాస్టల్ అనే ఏర్పాటు చేసింది. వలస పోయేవాళ్ళ పిల్లలు ఆ కొన్ని నెలలూ బడిలోనే తిని, బడిలోనే పడుకుంటారు. దసరా తర్వాత మేము ఇల్లిల్లూ తిరిగి ఎవరు పోతున్నారో జాబితా రాస్తాం. తల్లిదండ్రుల దగ్గర అంగీకార పత్రం తీసుకుంటాం. జాబితా మండల విద్యాధికారికి వెళ్తుంది, మంజూరు వస్తుంది. ఆడపిల్లల గదిలో వాళ్ళతోపాటు పడుకోవడానికి ఊళ్ళోనుంచి ఒక ఆయమ్మను పెట్టుకుంటాం. ఆరో తరగతి చదివే అనిత పేరు ఆ జాబితాలో ఉంది. తల్లి బాలమ్మ పత్రం మీద సంతకం కూడా చేసింది.

ఇక కార్టూను సంగతి. మా సోషల్ టీచరు యాదగిరి సార్ కుర్రవాడు, హుషారు మనిషి. గ్రీకు పురాణ కథల మీద తీసిన కార్టూన్ సీరియల్, తెలుగులోకి డబ్బింగ్ చేసింది, పెన్‌డ్రైవ్‌లో తెచ్చి శనివారం మధ్యాహ్నాలు కంప్యూటర్ గదిలో పిల్లలకు చూపిస్తానన్నాడు. బడిలో బొమ్మల సినిమాలేమిటని నేను అడ్డం తిరిగాను. ప్రాచీన నాగరికతలు పాఠంలో ఉన్నాయి మేడం అని పుస్తకం తెచ్చి చూపించాడు. పుస్తకంలో ఉందంటే నేను కాదనలేనని అతనికి బాగా తెలుసు.

మొదటి శనివారం కిటికీలోంచి చూశాను. మధ్యాహ్నం పూట ఒక్కచోట కుదురుగా కూర్చోని పిల్లలు గుడ్లప్పగించి చూస్తున్నారు. ఆ రోజు కథలో ఇద్దరు అన్నదమ్ములు. ఒకడికి చావు లేదు, రెండోవాడు మామూలు మనిషి. రెండోవాడు చనిపోతే మొదటివాడు తన ఆయుష్షులో సగం వాడికి పంచి ఇస్తాడు. మరుసటి వారమంతా బళ్ళో ఏది దొరికినా సగం చేసి పంచుకోవడమే. చాక్‌పీసు కూడా విరిచి సగం ఇచ్చుకున్నారు. ముప్పై ఏళ్ళు భిన్నాలు చెప్పాను, సగం అనే మాటకు పిల్లలు అంత విలువ ఇవ్వడం నేను అంతకు ముందు చూడలేదు.

దీపావళి దాటిన శనివారం పంటల దేవత కథ వేశారు. ఆమె కూతురు పూలు కోస్తుంటే పాతాళ రాజు ఎత్తుకుపోతాడు. తల్లి దివిటీ పట్టుకుని భూమంతా వెతుకుతుంది. ఆమె దుఃఖానికి పంటలు ఎండిపోతాయి. చివరికి పిల్లను పంపించడానికి పాతాళ రాజు ఒప్పుకుంటాడు. కానీ అప్పటికే ఆ పిల్ల అక్కడ ఆరు దానిమ్మ గింజలు తినేసింది. ఎక్కడి తిండి తింటే అక్కడికి చెందుతారనేది అక్కడి కట్టుబాటు. ఆరు గింజలకు ఆరు నెలలు కింద, మిగతా ఆరు నెలలు తల్లి దగ్గర. పిల్ల పైకి వచ్చినప్పుడల్లా భూమి పచ్చబడుతుంది.

ఆ సోమవారమే బాలమ్మ బడికి వచ్చింది, చంకలో ఏడాదిన్నర కొడుకుతో. అనిత పేరు కొట్టేయమంది. పని దగ్గర చంటివాడిని చూసుకోవడానికి వస్తానన్న ఆడబిడ్డకు నెల తప్పిందట, ఇక ఆమె రాదు. తాను ఇటుకలు మోస్తుంటే పిల్లవాడిని ఎవరు చూస్తారు? అనిత రావలసిందే. శుక్రవారం బొంబాయి బస్సు.

నేను చదువు గురించి చెప్పాను. బాగానే చెప్పాననుకున్నాను. ఆడపిల్ల చదువు, పదో తరగతి, ఉద్యోగం, అన్నీ వరసగా. ఆమె అంతా విని ఒక్క మాట అన్నది.

“నువ్వు చెప్పేదంత నాకెర్కనే టీచరమ్మ. గీ పిలగాణ్ణి ఎవలు సూస్తరో గది చెప్పు.”

అనిత పేరు మీద గీత కొట్టాను. అంగీకారం వెనక్కి తీసుకునే హక్కు తల్లికి ఉంటుంది. బొంబాయిలో ఏదైనా బడిలో చేర్చుకోవాలని కోరుతూ ఇచ్చే పత్రం ఒకటి రాశాను. ఇటుకల మధ్య ఆ కాగితం ఎవరూ తెరవరని నాకు తెలుసు. తెలిసే ముద్ర వేశాను.

అనితకు ప్రాణస్నేహితురాలు షబానా. అదే తరగతి, అదే బెంచీ. తండ్రి కోస్గి అంగట్లో పండ్ల బండి పెడతాడు. ఊళ్ళోనే ఇల్లు కాబట్టి ఈ పిల్లకు హాస్టలుతో పని లేదు. అయినా హాస్టల్ మొదలైతే తాను కూడా అందులో పడుకుంటానని నా దగ్గరికి రెండుసార్లు వచ్చి, నిబంధన ఒప్పుకోదని రెండుసార్లూ తిట్లు తిని పోయింది.

బుధవారం పొద్దున ప్రార్థన అయ్యీ కాకముందే బాలమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి వెంట అదే గుంపులో పనికి పోయే మరో ముగ్గురు ఆడవాళ్ళు. నాలుగు గొంతులూ ఒక్కసారే లేచాయి.

“నా బిడ్డకు మందు పెట్టిండ్రు టీచరమ్మ! ఏందో తినిపిచ్చి, ఇగ నువ్వు ఊరు దాటరాదు అన్నరంట. రాత్రి సంది నేను రాను, నేను పోరాదు అని ఒకటే ఏడుపు. నీ బడిలనే అయింది.”

మందు పెట్టడం అంటే ఏమిటో ఆ ప్రాంతం తెలిసినవాళ్ళకు చెప్పనక్కరలేదు. మనిషిని కట్టిపడేయడానికి తిండిలో ఏదో కలిపి పెడతారని నమ్మకం. ఆ మాట ఒకరి మీద పడితే ఊరు ఊరంతా లేస్తుంది. పెట్టింది ఎవరని అడిగితే షబానా అన్నారు. ఈ మాట ఆ పండ్ల బండి దాకా పోతే వాళ్ళ బతుకు ఏమవుతుంది? ముందు తలుపు వేయించి, నలుగురినీ కూర్చోబెట్టి, ఇద్దరు పిల్లలనూ పిలిపించాను.

షబానా ఏడవలేదు. ఏం పెట్టావని అడిగితే దానిమ్మ గింజలు అన్నది. ఎందుకు పెట్టావని అడిగితే నావైపు ఆశ్చర్యంగా చూసింది, ఇంత పెద్ద మేడంకు ఇది కూడా తెలియదా అన్నట్టు.

“గా కార్టూన్ల ఆరు తింటె ఆరు నెలలు ఆడ్నే ఉండాలె గద మేడం. నేను పన్నెండు పెట్టిన. మన బడిల కూసోబెట్టి పెట్టిన. ఇగ అనిత ఏడాదంత ఈడ్నే ఉండాలె.”

అనిత తల ఊపింది. “లెక్కబెట్టుకోని తిన్న మేడం. పన్నెండే.”

కథలో అది శాపం. తల్లీ కూతుళ్ళను విడదీసిన కట్టుబాటు. ఈ పదకొండేళ్ళ పిల్ల దాన్ని తిరగేసి, స్నేహితురాలిని నిలుపుకోవడానికి వాడుకున్నది. నెలకు ఒక గింజ చొప్పున లెక్క కూడా సరిగ్గానే కట్టింది. నా సర్వీసులో ఎన్నో తెలివైన జవాబులు విన్నాను. రిజిస్టరులో రాసుకోవాలనిపించిన జవాబు మాత్రం అదొక్కటే.

అయితే ఆ ఆడవాళ్ళకు ఇది ఎలా చెప్పడం? గ్రీకు దేవతలని మొదలుపెడితే మందు మాట ఇంకా గట్టిపడుతుంది. చెప్పడం మానేసి చూపిద్దామనుకున్నాను. కంప్యూటర్ గదిలోకి బయటివాళ్ళను రానివ్వకూడదు. నేను ఎన్నడూ చేయని పని చేశాను: సందర్శకుల పుస్తకంలో ‘తల్లుల సమావేశం’ అని రాసి, యాదగిరి సార్‌ను ఆ కథే వేయమన్నాను.

మొదట ముక్కు మీద వేలేసుకుని చూశారు. ఆ తెల్లటి బట్టలు, ఆ మేడలు చూసి ఒకామె నవ్వింది కూడా. పిల్లను ఎత్తుకుపోగానే నవ్వు ఆగింది. తల్లి ఎండిన చేలలో తిరుగుతుంటే, దారిలో కనబడినవాళ్ళందరినీ నా బిడ్డను చూసిండ్రా అని అడుగుతుంటే, నలుగురూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పిల్ల పైకి వచ్చి తల్లిని వాటేసుకున్న చోట బాలమ్మ చంకలోని పిల్లవాడిని గట్టిగా హత్తుకుని, ఇంకో చేత్తో అనితను దగ్గరకు లాక్కుంది. ఆ బొమ్మలు గీసినవాళ్ళు ఏ దేశంవాళ్ళో, ఎక్కడ కూర్చుని గీశారో! కోస్గి పక్క పల్లె నుంచి పోయి ఇటుకలు మోసే నలుగురు ఆడవాళ్ళ ముఖాలు అలా మారతాయని వాళ్ళు కలలో కూడా అనుకుని ఉండరు.

అయిపోయాక ఎవరూ లేవలేదు. వాళ్ళలో పెద్దామె ముందుగా మాట్లాడింది.

“అంత పెద్ద దేవతకే బిడ్డను ఏడాదంత తన కాడ ఉంచుకునుడు కాలే. మనమెంత.”

బాలమ్మ షబానాను దగ్గరకు పిలిచింది. కొడుతుందేమోనని నేను సగం లేచాను. కొట్టలేదు. ఏమే, నా బిడ్డ అంటే నీకంత పాణమా అని అడిగింది. షబానా అవును పెద్దమ్మా అన్నది, అదేదో పాఠంలో ప్రశ్నకు జవాబు చెప్పినట్టు.

తర్వాత జరిగిన మాటల్లో నా పాత్ర ఏమీ లేదు. పెద్దామె చంటిపిల్లవాడి సంగతి ఎత్తింది. నలుగురికీ చిన్నపిల్లలున్నారు, అందరివీ ఇవే తిప్పలు. రోజుకొకరు పని మాని గుడిసె దగ్గర కూర్చుని అందరి పిల్లలనూ చూసుకుంటే, మిగతా ముగ్గురూ నిశ్చింతగా పనికి పోవచ్చునన్నది. మేస్త్రీ ఒప్పుకోడని ఒకామె అన్నది. “ఎట్ల ఒప్పుకోడు? నలుగురం ఒక్కతీర్గ అడుగుదం. కాదంటె నలుగురం బస్సు దిగుదం” అన్నది పెద్దామె. పది నిమిషాల్లో తేలిపోయింది. నా పత్రాలతో, ముద్రలతో, చదువు ఉపన్యాసంతో సోమవారం నేను కదిలించలేని సంగతి అది.

అనిత పేరు కొట్టివేత రద్దు చేసి నేను మళ్ళీ రాస్తుంటే, బాలమ్మ షబానాను గింజలు ఇంకా ఉన్నాయా అని అడిగింది. ఆ పిల్ల సంచిలోంచి కాగితంలో చుట్టిన అరచెక్క దానిమ్మ తీసింది. బాలమ్మ అరచేయి చాచింది.

“నాకు గూడ పెట్టు బిడ్డ. ఆరు పెట్టు. ఆరు నెలలు నేను గూడ ఈడ ఉండాలె గద.”

షబానా ఒక్కో గింజ ఒలిచి అరచేతిలో పెట్టింది. ఆరు దగ్గర ఆగలేదు.

“ఏడు పెడుతున్న పెద్దమ్మా. ఒక నెల ముందుగాల్నే రా.”

బాలమ్మ ఏడూ నోట్లో వేసుకుంది. మిగతా ముగ్గురూ చేతులు చాచారు. నేను రిజిస్టరు మూసి కిటికీ వైపు తిరిగాను. నా కళ్ళల్లో నీళ్ళు టీచర్లు చూడటం నాకు ఇష్టం లేదు.

శుక్రవారం బస్సు వెళ్ళింది. అనిత హాస్టల్లో చేరింది. ఏప్రిల్‌లో బడి మూసే వారంలోనే బాలమ్మ తిరిగి వచ్చింది, అనుకున్నదానికంటే దాదాపు నెల ముందు. అక్కడ పని ఆగిపోయిందని చెప్పింది. అదే కారణమై ఉంటుంది, గింజల వల్ల అని నేను రాయను. షబానా మాత్రం ఇంకో మాట ఒప్పుకోలేదు.

నేను పదవీ విరమణ చేసేదాకా ఇంకా కొన్ని హాస్టళ్ళు నడిపాను. పేరు కొట్టేయమని వచ్చిన తల్లులకు మళ్ళీ ఎన్నడూ చదువు గొప్పతనం చెప్పలేదు. అది వాళ్ళకు తెలుసు. ఇంటి దగ్గర ఏ పనికి ఈ పిల్ల కావలసి వచ్చిందో ముందు అడిగేదాన్ని, అదే పనికి పోయే మిగతా ఆడవాళ్ళను కూడా పిలిపించి కూర్చోబెట్టేదాన్ని, నేను నోరు మూసుకునేదాన్ని. మా అంగీకార పత్రంలో తల్లి ఇచ్చే మాట రాయడానికి జాగా ఉంది కానీ, తల్లి అడిగే ప్రశ్న రాయడానికి ఒక్క గీత కూడా లేదు. ఆ ప్రశ్నను పత్రం వెనకవైపు నా చేత్తో రాసుకోవడం అప్పుడు మొదలుపెట్టాను. దానికి జవాబు దొరికాకే ముందువైపు సంతకం అడిగేదాన్ని.