వరసలో నాటిన కలుపు

ఫిబ్రవరిలో, బయట మోకాలి లోతు మంచు ఉండగా, కూరగాయల తోట కోసం దరఖాస్తు పెట్టుకున్న మనిషిని నేను. మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో మేమున్నది రెండో అంతస్తు అపార్ట్‌మెంట్. బాల్కనీలో రెండు కుండీలు పెడితే నిలబడ్డానికి చోటుండదు. లైబ్రరీలో గోడకి అంటించిన కాగితం ఒకటి నా కంటపడింది. ఊరి చివర ఖాళీ స్థలాన్ని ముక్కలు చేసి, ఏడాదికి ఒక్కో ముక్క ఒక్కో కుటుంబానికి సాగుకి ఇస్తారట. ఇరవై అడుగుల వెడల్పు, ముప్పై అడుగుల పొడవు.

"నీకు టైమెక్కడుంది?" అన్నారు మా ఆయన.

ఆ మాట అనకపోయి ఉంటే తెచ్చుకున్న దరఖాస్తు కాగితం ఫ్రిజ్ మీద పడి ఉండేది. నాకు టైం లేదని ఇంకొకరు చెబితే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ పూటే నింపి పోస్ట్ చేశాను.

టైం లేని మాట మాత్రం నిజమే. ఎనభైల మొదటి రోజులవి. నేను ఒక హాస్పిటల్ ల్యాబ్‌లో రక్త పరీక్షలు చేసేదాన్ని. పొద్దున్న ఆరున్నరకల్లా అక్కడుండాలి. మా ఆయన కార్ల కంపెనీలో ఇంజనీరు. నెలకోసారి 'ఉద్యోగాలు ఊడేది ఈసారి మన డిపార్ట్‌మెంటే' అని పుకారు వచ్చేది. అంచేత ఓవర్‌టైం చేయమంటే కాదనే ధైర్యం ఆయనకుండేది కాదు. మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. వీటన్నిటికీ తోడు, ముందటి ఏడు సెప్టెంబరు నుంచి మా అత్తగారు మా దగ్గర ఉన్నారు.

మామయ్యగారు పోయిన కొన్నాళ్ళకే ఆవిడకి పక్షవాతం వచ్చి ఎడమకాలు సగం పట్టు తప్పింది. మా ఆయన ఒక్కడే కొడుకు. ఇండియాలో చూసుకునేవాళ్ళెవరూ లేక వెళ్ళి తీసుకొచ్చారు. ఉండిపోవడానికి కావలసిన కాగితాలన్నీ ఉన్నాయి. ఆవిడకి మనసే లేదు. ఏడాది గడువున్న రిటర్న్ టికెట్‌ని పెట్టెలో పట్టుచీర మడతలో దాచుకున్నారు. "సెప్టెంబరు దాటితే అది చెల్లదటగా," అని రోజుకోసారి గుర్తు చేసేవారు. రోజూ నడవాలని డాక్టర్ చెప్పాడు. ఆవిడ కిటికీ పక్క సోఫాలో కూర్చుని వచ్చే పోయే కార్లని చూసేవారు. అన్నం రెండు ముద్దలు. మంగళవారం మంగళవారం థెరపీకి తీసుకెళితే, థెరపిస్టు చెప్పిన వ్యాయామాలన్నీ అక్కడ చేసి, ఇంటికొచ్చాక మళ్ళీ సోఫా.

కొన్ని సాయంత్రాలు నాకే అనిపించేది, వెళితే వెళ్ళనీ అని. అది దాచుకోవడం ఎందుకు? ల్యాబ్ నుంచి వచ్చి, వంట చేసి, హోంవర్క్ చూసి, ఆవిడకి స్నానం చేయించి, ఏమీ తినని కంచం తీసేటప్పుడు ఎవరికైనా అనిపిస్తుంది. ఆ వెంటనే, అక్కడ బాత్‌రూంలో జారిపడితే ఎవరు లేపుతారు అన్న ఊహ వచ్చేది. ఆ కాలితో ఆవిడ ఒంటరిగా బతకలేరని నాకూ తెలుసు, మా ఆయనకీ తెలుసు. బహుశా ఆవిడకీ తెలుసు.

తోట ముక్క చేతికి రాగానే, ఆవిడకి కాలక్షేపంగా ఉంటుందని, విత్తడానికి మంచిరోజు చూడమన్నాను. పంచాంగం అడిగితే చాలు, ఆవిడ ఓపిక లేదనరు. కళ్ళజోడు పెట్టుకుని అరగంట చూసి, అక్షయ తృతీయ అన్నారు. మే నెల మొదట్లో పడింది. ఆ రోజు ఎండ కూడా బ్రహ్మాండంగా కాసింది. కిటికీలో పెంచిన వంగ నారు, మిరప నారు తీసుకెళ్ళి, పసుపు కుంకుమలు చల్లి, బెండ గింజలు కూడా పెట్టి వచ్చాం. పక్క ముక్కలన్నీ ఖాళీగా ఉన్నాయి. వీళ్ళెంత బద్ధకస్థులో అనుకున్నాను కూడా. నాలుగో రోజు మంచు పడింది. నారంతా నల్లగా మాడి నేలకంటుకుపోయింది. మిషిగన్‌లో మే నెలాఖరు దాకా ఎవరూ ఏమీ నాటరని ఆ తర్వాత తెలిసింది. మన పంచాంగానికి మిషిగన్ మంచు సంగతి ఏం తెలుసు?

అత్తగారు అది అపశకునమనుకున్నారు. నేనేమో మా ఆయన ముఖం చూడలేక ఆ ఊసెత్తడం మానేశాను. అంతలో అమ్మాయికి ఆటలమ్మ పోసింది. ల్యాబ్‌లో ఒకామె సెలవు పెడితే ఆవిడ పని కూడా నా మెడకే చుట్టుకుంది. మూడు వారాలు అటు తొంగి చూడలేదు.

జూన్‌లో ఒక శనివారం, టమాటా నారు కొని అందరం వెళ్ళాం. అత్తగారిని ఇంట్లో ఒంటరిగా వదలలేక మడత కుర్చీతో సహా తీసుకెళ్ళాం. నా ముక్క చూసేసరికి సిగ్గుతో చచ్చిపోయాను. చుట్టూ అందరివీ దువ్వినట్టు నల్లటి నేల, పచ్చటి వరసలు. మాది మాత్రం ఒక మూల నుంచి ఇంకో మూలకి మట్టి కనపడకుండా పిచ్చిమొక్కలు.

మా ఆయన ఏదో అనబోయేలోపల అత్తగారు కుర్చీలోంచి లేచారు. ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. కుంటుకుంటూ నాలుగడుగులు వేసి, ఒంగి, ఒక ఆకు తుంచి నోట్లో వేసుకున్నారు.

"అమ్మాయ్, ఇదంతా ఎవరు విత్తారే?"

"ఎవరూ విత్తలేదు అత్తయ్యా. అదే వచ్చింది."

"పాయలకూరే ఇది! అదిగో, అది తోటకూర. ఆ బూడిదరంగుది చక్రవర్తి కూర. నా పెళ్ళయ్యాక మళ్ళీ ఇంత లేత చక్రవర్తి కూర నేను చూళ్ళేదు."

"నాయనమ్మా, నో! అది వీడ్. దాన్ని ఈట్ చేయకూడదు," అంది మా అమ్మాయి కంగారుగా.

"నువ్వు ఈట్ చేయకు. నేను చేస్తా," అన్నారు ఆవిడ.

ఆ రాత్రి పాయలకూర పప్పు. ఆవిడ రెండోసారి అన్నం పెట్టించుకున్నారు. తొమ్మిది నెలల్లో అది మొదటిసారి. ఎక్కడ మానేస్తారోనని గబగబా మారు వడ్డించాను. పైకి మాత్రం, నెయ్యి వేయమంటారా అని అడిగాను.

అప్పట్నుంచి నా రోజుకి ఇంకో మూడు గంటలు పుట్టుకొచ్చాయి. ఎక్కడి నుంచో నాకు తెలీదు. మూడింటికి ల్యాబ్ అవగానే ఇంటికెళ్ళి, స్కూల్ బస్సు దిగిన అమ్మాయినీ, ఎప్పుడో తయారై కూర్చున్న అత్తగారినీ కార్‌లో ఎక్కించుకుని తోటకి వెళ్ళేదాన్ని. అమ్మాయి కార్‌లోనే హోంవర్క్ చేసేది. రాత్రి వంటకి కావలసిన ఆకు అక్కడే కోసి, అక్కడే బాగుచేసుకునేవాళ్ళం. కుళాయి తోట అవతలి చివర్న ఉంది. పైపు మా దాకా రాదు. రెండు బకెట్లతో నీళ్ళు మోసి టమాటాలకి పోసేదాన్ని. ల్యాబ్‌లో మా సూపర్‌వైజర్ ఒకరోజు నా గోళ్ళలో మట్టి చూసి, బ్రష్ తెచ్చి ముందు పెట్టింది. అక్కడికక్కడే తోముకున్నాను. అలిసిపోయేదాన్ని గానీ, అది హాయిగా నిద్రపట్టే అలసట.

అత్తగారు ముక్క చుట్టూ నడిచేవారు. మొదట ఒక చుట్టు, తర్వాత మూడు. పక్కవాళ్ళు కలుపు పీకి గట్టు మీద పడేస్తే, వాళ్ళని చూసి నవ్వి, అది కొంగులో వేసుకుని వచ్చేసేవారు. వాళ్ళ దృష్టిలో ఆవిడ ఊరికే సాయం చేస్తున్న మంచి ముసలమ్మ.

ఇలా రెండు వారాలు గడిచాయో లేదో, మా ముక్క మూలనున్న కర్రకి ఒక నోటీసు కట్టి ఉంది. కలుపు వారం లోపల తీసేయాలి, లేకపోతే ముక్కని వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్ళకి ఇచ్చేస్తాం అని. తీసేయవలసిన మొక్కల బొమ్మలు కూడా వేశారు. అందులో మూడు ముందు రోజు మా ఇంట్లో పప్పులోనూ వేపుడులోనూ ఉన్నాయి.

"పీకేయ్. రూల్ రూలే కదా," అన్నారు మా ఆయన. "పీకేస్తే టమాటాలైనా మిగుల్తాయి. లేకపోతే ముక్కే పోతుంది."

ఆయన చెప్పింది సబబే. కానీ టమాటాల కోసం ఆవిడ కుర్చీలోంచి లేవలేదు. ఆ ఆకు పోతే మళ్ళీ సోఫా, మళ్ళీ రెండు ముద్దలు, సెప్టెంబర్లో విమానం. చెప్పకుండా పీకేద్దామా అని కూడా ఆలోచించాను. అంత పిరికిపని చేయలేక, రెండు రోజులు నాన్చి, చివరికి నోటీసు ఆవిడకి చదివి వినిపించాను. ఏడుస్తారనుకున్నాను. ఆవిడ బొమ్మలు ఒక్కొక్కటే చూసి అడిగారు.

"వీళ్ళు కలుపని దేన్నంటారు?"

"మనం వేయకుండా దానంతట అదే మొలిచేదాన్ని."

"అయితే మనం వేద్దాం. నీ బట్టలారేసుకునే తాడు తీసుకురా."

ఆవిడ పుట్టిల్లూ మెట్టినిల్లూ రెండూ వరి పండించే ఇళ్ళే. జన్మలో మడిలో కాలు పెట్టింది లేదు గానీ, గట్టు మీద నిలబడి ఇరవై మంది కూలీల చేత నాట్లు వేయించారు. ఆ అజమాయిషీ అంతా ఆ సాయంత్రం నా మీద నడిచింది. మిషిగన్‌లో జూన్ నెలలో తొమ్మిదిన్నర దాకా వెలుతురుంటుంది. ఆకంతా వేళ్ళతో సహా పైకి తీయించారు. ముదిరింది కూరకి, లేతది నాటుకి. అమ్మాయీ మా ఆయనా తాడుకి చెరో కొసా పట్టుకుని నిలబడితే, నేను ఒంగి, జానెడుకి ఒకటి చొప్పున నాటుకుంటూ వెళ్ళాను.

"వంకర పోతున్నావే! చదువుకున్నదానివి, తిన్నగా నాటలేవూ?"

"నడుం పడిపోతోంది అత్తయ్యా."

"మా ఊళ్ళో ఆరు నెలల గర్భిణులు నాటేవాళ్ళు. లే, నేను చూపిస్తా."

లేవడానికి నాకే కష్టమైంది. ఆవిడ మేం ఆకు బాగుచేసుకునే పీట మీద కూర్చుని, జరుపుకుంటూ జరుపుకుంటూ ఒక వరస మొత్తం వేశారు. చివర్న పీట మీంచి లేవడానికి చెయ్యి అందించబోతే, నా చెయ్యి పక్కకి తోసి తనే లేచారు. మా ఆయన చేతిలో తాడు వదిలేసి అటు తిరిగి ముక్కు చీదుకున్నారు. మర్నాటికి ఆకంతా వాడి తలలు వాల్చింది. మూడో రోజుకి పొగరుగా లేచి నిలబడింది. పీకినా చావనిది కాబట్టే కదా దాన్ని కలుపన్నారు!

శనివారం తోట చూసుకునే పెద్దావిడ వచ్చింది. గడ్డి టోపీ, చేతిలో అట్ట, దాని మీద మా నోటీసు నకలు. నాలుగు వరసల పాయలకూర, మూడు వరసల తోటకూర, రెండు వరసల చక్రవర్తి కూర చూసింది. ఒకసారి బొమ్మ చూసింది, ఒకసారి వరస చూసింది.

"ఇవి కలుపు మొక్కలే కదా?" అంది.

"కలుపు తాడు పట్టినట్టు వరసలో మొలుస్తుందా? అడుగు," అన్నారు అత్తగారు.

అడిగాను. పెద్దావిడ నవ్వలేదు. విత్తనం కట్టనిస్తే తోటంతా పాకుతుందని, అందరూ తనని తిడతారని చెప్పింది. నేనది తెలుగులో చెప్పేసరికి అత్తగారికి రోషం వచ్చింది.

"విత్తనం దాకా రానిస్తానా? ముదిరితే పీచు. ఎవరు తింటారు?"

ఈ జవాబు పెద్దావిడకి నచ్చింది. అట్ట మీద ఏదో రాసుకుంది. వెళుతూ వెళుతూ, తన ముక్కలో కూడా ఇది బోలెడుంది, వచ్చి కావలసినంత తీసుకోమని చెప్పింది. ఆ వేసవంతా నేను కోసినంత ఆకుకూర ఏ రైతూ కోసి ఉండడు.

సెప్టెంబరు వచ్చింది. టికెట్ మాట ఆవిడా ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు. అడిగితే వెళతానంటారేమోనని నాకు భయం. మా ఆయనకి ఇంకా భయం. నెల సగమైంది. చలి మొదలైంది. టమాటా తీగలు పీకేసి నేల శుభ్రం చేస్తుంటే, పెద్దావిడ ఒక్కో ముక్క దగ్గరా ఆగి కాగితాలు ఇచ్చుకుంటూ వచ్చింది. వచ్చే ఏడాది కూడా ముక్క కావాలంటే ఇప్పుడే సంతకం పెట్టాలట. అత్తగారు లేకుండా ఇదంతా ఒక్కదాన్నే చేయడం నా వల్ల కాదు. చేయాలనీ లేదు. నో, థాంక్యూ అన్నాను. చేతిలో పెట్టిన కాగితం, కలం తిరిగి ఇచ్చేయబోయాను.

"ఏమిటే ఆ కాగితం?" కుర్చీ దగ్గర్నుంచి కేకేశారు అత్తగారు.

"వచ్చే ఏడాదికి ముక్క కావాలా అని అడుగుతోంది."

"నువ్వేమన్నావు?"

"వద్దన్నాను."

ఆవిడ ఇటు నడిచి వచ్చారు. మెల్లగానే, కానీ తిన్నగా. నా చేతిలోంచి కలం తీసుకుని, కాగితాన్ని పెద్దావిడ అట్ట మీద పెట్టి, గీత ఎక్కడుందో నన్నడిగి, తన పేరు తెలుగులో పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాశారు. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. ఆవిడ నా వంక చూడలేదు.

"కుళాయి పక్క ముక్క ఇస్తుందేమో అడుగు," అన్నారు. "వేసవంతా నీ నడుం చూస్తూనే ఉన్నా. ఇంకో ఏడాది ఆ బకెట్లు మోస్తే విరుగుతుంది."