తొమ్మిదో తరగతి గ్రూపులో కొల్లేరు

కరోనా రోజుల్లో నేను ఆకివీడు దగ్గర ఒక హైస్కూల్లో సోషల్ చెప్పేదాన్ని. బడి మూసేశాక తాడేపల్లిగూడెంలో మా వంటింటి బల్ల మీద ఫోను నిలబెట్టి పాఠాలు చెప్పాను. అటువైపు పిల్లలు వింటున్నారో లేదో తెలిసేది కాదు. యుద్ధాలూ ఒప్పందాలూ చెప్పీ చెప్పీ నాకే విసుగొచ్చింది.

అందుకని తొమ్మిదో తరగతి వాట్సాప్ గ్రూపులో ఒక నాటకంలాంటిది పెట్టాను. ఆ పిల్లలు పుట్టకముందు కొల్లేరు సరస్సుని ఆక్రమించి వేసిన చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టించిన రోజులు తీసుకున్నాను. ఒకరు చెరువు రైతు, ఒకరు కాపలా కూలీ, ఒకరు చెరువులు రాకముందు సరస్సులో వల వేసుకుని బతికిన ముసలాయన, ఒకరు పొక్లెయిన్లతో వచ్చిన ఆఫీసరు. వారం పాటు ఎవరి పాత్రలో వాళ్ళుండి మెసేజులు పెట్టాలి.

ఆఫీసరు పాత్ర సరస్సు మధ్య లంక గ్రామంలో ఉండే ఒక అమ్మాయికి ఇచ్చాను. చురుకైన పిల్ల. మొదటిరోజే "నోటీసులు ముందే ఇచ్చాం. ఇది పక్షుల సరస్సు. తప్పుకోండి!" అని గద్దించింది. చెరువు రైతు బతిమాలాడు, తిట్టాడు, ఏడుపు బొమ్మలు పెట్టాడు. గ్రూపంతా సందడి. నా ఉపాయం పారిందని మురిసిపోయాను.

మూడోరోజు మధ్యాహ్నం ఆ అమ్మాయి నంబరు నుంచే ఇంకో మెసేజు వచ్చింది. "ఆఫీసరు అలా అరవలేదు. మంచినీళ్ళు అడిగి తాగాడు. మా మొహాలు చూడలేదు. సాయంత్రానికి మా చేపలన్నీ నీళ్ళతో పోయాయి." అందులో ఒత్తులూ దీర్ఘాలూ తప్పులే. ఆ పిల్ల అలా రాయదు. ఫోన్ చేస్తే తండ్రి ఎత్తాడు.

"ఏమీ అనుకోకండి మేడం గారూ. ఫోను నాదేనండి. పిల్ల అన్నం తింటోంది కదాని చూశాను. మా చెరువు సంగతే ఆడుతున్నారు. చెయ్యి ఊరుకోలేదండి."

"మీ అమ్మాయికి తెలీదాండీ?"

"ఎప్పుడూ చెప్పలేదండి."

సిగ్గేసింది. ఎవరింట్లో ఏం జరిగిందో కనుక్కోకుండా పాత్రలు పంచేశాను. ఆపేస్తానంటే ఆయన వద్దన్నాడు. అయితే జరిగింది మీరే పిల్లలకి చెప్పండి అన్నాను. తనకి రాయడం సరిగ్గా రాదంటే, వాయిస్ మెసేజులు పెట్టమన్నాను. చివరికి "అలాగేనండి" అన్నాడు.

మర్నాడు ఆయన తన చెరువు పోయిన రోజు సంగతి వాయిస్‌లో చెప్పగానే పిల్లలు ఆయన్ని ప్రశ్నలతో ముంచెత్తారు. ముసలాయన పాత్రలో ఉన్న అమ్మాయి, పాత్ర వదలకుండానే, "మీరు గట్టు వేసినప్పుడు నా వల ఎక్కడ వేసుకోమన్నారు?" అని అడిగింది. ఆ ప్రశ్న తీసేయించాలా అని నేను రాత్రిదాకా ఆలోచిస్తూనే ఉన్నాను.

తర్వాతి రోజు పొద్దున్నే వాయిస్ వచ్చింది. "మంచి మాట అడిగావమ్మా. అందరూ గట్లు వేస్తున్నారు, మనం వేయకపోతే మన వాటా కూడా పోద్ది అనుకున్నాం. మా ఊళ్ళో వల వేసే పెద్దాయన ఒకాయన రోజూ వచ్చి మా గట్టు మీద కూర్చునేవాడు. ఏమీ అనేవాడు కాదు. మేమూ అడగలేదు."

ఎవరిది న్యాయమో ఒక పేజీ రాయమని వారం చివర అడుగుదామనుకున్నాను. జవాబు కూడా తయారుగా పెట్టుకున్నాను. ఈలోగా ఆ అమ్మాయే ఫోన్ చేసింది. "మేడం, తప్పు ఆఫీసరుదాండీ, నాన్నదాండీ?"

"నీకేమనిపిస్తోంది?"

"నాన్న వైపు మాట్లాడదామనుకున్నానండి. ఆ పెద్దాయన సంగతి విన్నాక అదీ కుదరట్లేదు."

నాకూ కుదరలేదు. ఎందుకు కుదరట్లేదో అదే రాయమన్నాను. న్యాయమెవరిదన్న ప్రశ్న, నా జవాబు రెండూ పక్కన పెట్టేశాను.

ఇప్పుడు కూడా ఏటా ఆ పాఠం అలాగే చెబుతున్నాను. పాత్రలు ఇచ్చే ముందు మాత్రం ఆ రోజుల్లో మీ ఇంట్లో ఏం జరిగిందో పెద్దవాళ్ళని అడిగి రమ్మంటాను. "మా ఇంట్లో చెప్పరండి" అంటూ వచ్చేవాళ్ళు ప్రతిసారీ ఇద్దరు ముగ్గురు ఉంటారు. వాళ్ళింట్లోనూ చెప్పుకోని చెరువో వలో ఉండొచ్చని వాళ్ళకి ఏ పాత్రా ఇవ్వను. ప్రశ్నలు అడిగే పని ఇస్తాను.