అతికిన చోటు

రేవులో అందరూ అతన్ని అతుకులాయన అంటారు. రెండు పెద్ద అల్యూమినియం గొట్టాల మీద పలకలు పరిచి చేసిన బోట్లు అక్కడ మనుషుల్ని ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుకి చేరవేస్తుంటాయి. వాటికి పగులొస్తే వెల్డింగు చేసేది ఇతనే. సగం బతుకు బోట్ల కింద వెల్లకిలా పడుకునే గడిపాడు గానీ, నీళ్ళ మీదున్న బోటు ఒక్కసారి కూడా ఎక్కలేదు. ఈత రాదు. మోకాలి లోతు నీళ్ళు చూస్తేనే పై ప్రాణాలు పైనే పోతాయి. భార్య మాత్రం అవతలి ఒడ్డున ఆసుపత్రి దుప్పట్లు ఉతికే పనికి రోజూ బోటులోనే వెళ్ళొస్తుంది. నీళ్ళంటే వణికే మనిషికి నీళ్ళ దగ్గరే బువ్వ దొరికిందని ఎగతాళి చేస్తుంది.

అతనికి ఈమధ్య నిద్ర పట్టనిది ఆమె వెళ్ళే ఆ బోటు వల్లే. ఎడమ గొట్టం మీద, వెనక బెంచీ కింద, వెంట్రుకంత పగులు. అతికితే కొన్నాళ్ళకి పక్కనే మళ్ళీ వచ్చింది. మళ్ళీ అతికాడు. ఇప్పుడు మూడోసారి. అతుకు చెక్కుచెదరలేదు, దాన్ని ఆనుకుని ఉన్న రేకే చీలుతోంది. ఇనుమైతే ఎర్రబడి ముందే హెచ్చరిస్తుంది. ఈ అల్యూమినియం అలా కాదు, నంగనాచిలా తెల్లగా ఉండి ఉన్నట్టుండి కరిగి కారిపోతుంది. పైగా వేడి తగిలిన కొద్దీ అతుకు పక్కన మెత్తబడుతుంది. అతనికది తెలుసు. కానీ అతుకులాయన తన అతుకు పక్కన బలం ఉండదని ఏ మొహం పెట్టుకుని చెప్పుకుంటాడు?

ఆ ముక్క కోసేసి కొత్త రేకు వెయ్యాలని యజమానితో మాత్రం అన్నాడు. అన్నాళ్ళు బోటు ఆపితే ఎలా, ఈ ఒక్కసారికి అతికెయ్యమన్నాడు యజమాని. ఇతను సరేనన్నాడు. గొట్టంలో చేరిన నీళ్ళు ఒంపి ఆరబెట్టాడు. పగులు ఇంకా పాకకుండా రెండు కొసల్లోనూ సన్నటి రంధ్రాలు వేసి, తీగ బ్రష్షుతో మెరిసేదాకా రుద్ది అతికాడు. లోపలికి గాలి పట్టించి, ఎక్కడైనా బయటికి వస్తోందేమోనని పైన సబ్బునీళ్ళు పూస్తే ఒక్క బుడగ లేచినట్టనిపించింది. తుడిచి మళ్ళీ పూస్తే లేవలేదు. బుడగ నిజమో, కళ్ళే మోసం చేశాయో తేల్చుకోలేకపోయాడు.

మర్నాడు భార్య పనికి బయల్దేరుతుంటే అతనూ చెప్పులు వేసుకున్నాడు. తనూ బోటులో వస్తానన్నాడు. ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది.

"బాగుచేసింది మీరే కదా, ఇంక భయమెందుకు?"

"నేను చేశాను కాబట్టే భయం."

ఆమె నవ్వింది. అతనికి నవ్వు రాలేదు.

బోటు ఒడ్డు వదిలేసరికి ముందువైపు నిలబడి, పక్కనున్న కమ్మీ పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. సగం దూరం పోయాక, బోటు ఎడమకి ఒరిగి నడుస్తున్నట్టు తోచి కళ్ళు తెరిచాడు. మిగతా బెంచీలన్నీ ఖాళీ. పనులకెళ్ళే ఆడవాళ్ళంతా వెనక ఎడమ బెంచీ మీద, దాని చుట్టూ కింద, ఒకరి ఒళ్ళో ఒకరన్నట్టు ఇరుక్కుని కూర్చున్నారు. మధ్యలో అతని భార్య.

అందరూ అక్కడే ఎందుకు కూర్చున్నారని అడిగాడు.

"మీరు అతికిన చోటు కదా. బోటు మొత్తంలో ఇదే గట్టిదని వీళ్ళందరికీ నేనే చెప్పాను" అంది భార్య గొప్పగా. అన్నయ్యగారి చెయ్యి పడ్డాక మాకేం దిగుల్లేదని పక్కావిడ వంత పాడింది.

అతనికి పగులు అక్కడే ఎందుకు వస్తోందో ఇప్పుడు తెలిసింది. తన మీద నమ్మకమంతా రోజూ ఆ మెత్తబడ్డ రేకు మీదే కూర్చుంటోంది. బెంచీ కింద టిక్కుమని చిన్న చప్పుడయింది. అరిస్తే అందరూ ఒక్కసారే లేస్తారు. అది ఇంకా ప్రమాదం. పళ్ళు బిగబట్టి, ఒక్కొక్కరే నెమ్మదిగా లేచి ముందుకి వెళ్ళమన్నాడు. వేళాకోళమనుకుని వాళ్ళు కదల్లేదు. భార్య మాత్రం అతని మొహం చూసి లేచింది. ఆ తర్వాత ఒక్కొక్కరే లేచారు.

ఆమె దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగింది.

"అది గట్టిది కాదా?"

"అతుకు గట్టిదే. దాని పక్కన కాదు."

"మరి ఎక్కడ కూర్చోమంటారు?"

"నేను చెయ్యి పెట్టని చోట."

ఆమె బోటంతా కలయజూసింది. ఈ చివరినుంచి ఆ చివరిదాకా అన్నీ అతని అతుకులే. అవతలి ఒడ్డు ఇంకా సగం దూరముంది.