సంతకం లేని సలహా

భాస్కరంగారు సంతకం లేని కాగితాన్ని కాగితంగా గుర్తించరు. ముప్ఫయ్యేళ్లు రిజిస్ట్రారాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. శుభలేఖ ఇస్తే తిరగేసి చూసి, పెళ్లికొడుకు తండ్రి చేత సంతకం పెట్టించుకున్నాకే భోజనానికి వెళ్లేవారు. ముద్రించిన పంచాంగం మీద కనీసం సిద్ధాంతిగారి వేలిముద్రయినా ఉండాలని ఆయన అభిప్రాయం. అమలాపురంలో మా వీధివాళ్లం ఆయన వస్తుంటే కాగితాలు దాచుకునేవాళ్లం.

2004లో మా చెల్లెలు కౌముదికి డిప్రెషన్ వచ్చింది. టీచరుద్యోగానికి సెలవు పెట్టి మంచం పట్టింది. రాజమండ్రి డాక్టరుగారి మాత్రలు రెండు నెలలు వేసుకున్నాక మళ్లీ పిల్లల నోటుబుక్కులు దిద్దడం మొదలుపెట్టింది. అంతలో నెట్ సెంటరుకి వెళ్లి ఇంగ్లీషులో నాలుగు పేజీల ప్రింటు తెచ్చుకుంది. ఈ మాత్రలు అలవాటైతే జన్మంతా వదలవనీ, మనిషిని మొద్దును చేస్తాయనీ, వెంటనే ఆపెయ్యాలనీ అందులో ఉంది. ఆపేసింది. మూడు వారాల్లో మళ్లీ మంచం పట్టింది. నేను బతిమాలాను, కోప్పడ్డాను. ఇంటర్నెట్లో ఉంది కదా అని గోడవైపు తిరిగింది.

భాస్కరంగారిని నేను పిలవలేదు. కాగితం వాసన తగిలి వచ్చారు. నాలుగు పేజీలూ దస్తావేజు చదివినట్టు చదివారు. రాసినవాడి పేరు లేదు, ఊరు లేదు, తేదీ లేదు. చివరి పేజీ అడుగున మాత్రం ఏదో వేరు పొడి డబ్బా బొమ్మ, తెప్పించుకునే విధానం ఉన్నాయి.

"పొడి పేరు చెప్పాడు గానీ తన పేరు చెప్పలేదు. ఇది చెల్లదమ్మా."

"డాక్టరు మాత్రం తన మందు మంచిదే అంటాడు కదా, బాబాయిగారూ."

భాస్కరంగారు ప్రింటు మడిచి జేబులో పెట్టుకున్నారు. మర్నాడు బస్సెక్కి రాజమండ్రి వెళ్లి సాయంత్రానికి వచ్చారు. ప్రతి పేరా పక్కనా డాక్టరుగారి చేతిరాత: ఇవి మత్తుమందులా మరిగేవి కావు; మొదట్లో కొందరికి మందకొడిగా ఉండే మాట నిజమే; మీ అంతట మీరు ఆపకండి, మళ్లీ మొదలూ పెట్టకండి, వచ్చి కనపడండి; ఆపాల్సినప్పుడు నేనే తగ్గిస్తూ ఆపిస్తాను. కింద సంతకం, స్టాంపు, తేదీ.

కౌముది అంతా చదివి కాగితం పక్కన పెట్టేసింది. "రాసింది మందిచ్చే ఆయన. మింగినవాళ్లెవరైనా చెబితే నమ్ముతాను."

 భాస్కరంగారు పెన్ను తీసి, డాక్టరుగారి సంతకం కింద 'సాక్షి' అని రాసి, తన పేరు పూర్తిగా రాశారు.

"మీ పిన్నిగారు పోయాక పదమూడు నెలలు ఈ డాక్టరుగారి మాత్రలే వేసుకున్నానమ్మా. ఆయన తగ్గించమన్నప్పుడు తగ్గించాను, ఆపమన్నప్పుడు ఆపాను. మొద్దునయ్యానో లేదో నువ్వే చెప్పు."

ఎదురింట్లో ఉండీ ఆ సంగతి నాకు తెలీదు.

కౌముది ఆయన్ని ఎగాదిగా చూసింది. "మొద్దు కాలేదు గానీ, చాదస్తం తగ్గినట్టు లేదండి."

"దానికి మందు లేదన్నాడమ్మా. అడిగాను."

చెల్లెలు మంచం మీంచి కాళ్లు కిందికి దించి, పొద్దున్న మొదటి బస్సు ఎన్నింటికని నన్నడిగింది.