కల్లాపి చల్లిన సర్వే

1999 ఏప్రిల్‌లో నన్ను అనంతపురంలో, భూగర్భ జలాలు వెదికే ఆఫీసులో టెక్నికల్ అసిస్టెంటుగా వేశారు. హోదాలో అది కింది నుంచి రెండో మెట్టు. మొదటి మెట్టు మీద జీపు డ్రైవరు ఉండేవాడు గానీ, జీపు ఆయన చేతిలో ఉంది కాబట్టి నిజానికి ఆయనే నా పైఅధికారి. రెండేళ్ల ప్రొబేషన్. ఈ రెండేళ్లలో మనం చూపించిన చోట నీళ్లు పడకపోతే ఉద్యోగం పోదు. కానీ ప్రొబేషన్ పొడిగిస్తారు, ఇంక్రిమెంటు ఆగుతుంది, క్యాంటీన్లో కూడా మన వైపు అదో రకంగా చూస్తారు.

మా పని బోరు వేయడం కాదు, ఎక్కడ వేయాలో చెప్పడం. దానికి రెసిస్టివిటీ మీటరు అనే పెట్టె ఒకటి ఉంటుంది. నాలుగు ఇనుప రాడ్లను ఒకే గీత మీద నేలలో దిగ్గొట్టి, బయటి రెండింటి గుండా కరెంటు పంపి, లోపలి రెండింటి మధ్య నేల దాన్ని ఎంత అడ్డుకుందో చదువుతాం. బయటి రాడ్లను దూరంగా జరిపే కొద్దీ కరెంటు లోతుకు దిగుతుంది. గట్టి బండ తగిలితే అంకె పెరుగుతుంది. పగుళ్లలో నీళ్లున్న రాయి తగిలితే తగ్గుతుంది. ఆ అంకెలను గ్రాఫు కాగితం మీద చుక్కలుగా పెట్టి కలిపితే ఒక గీత వస్తుంది. ఆ ఊరి జాతకం అదే.

చేరిన నెల తిరక్కముందే జిల్లా భూగర్భ జల నిపుణుల సంఘంలో సభ్యుడినయ్యాను. జ్ఞానదాహంతో చేరానని రాసుకోవచ్చు, అడిగేవాళ్లెవరూ లేరు. కానీ సమావేశాల హాల్లో కూలరుండేది, మా గదిలో ఫ్యాను కూడా తిరిగేది కాదు. మొదటి సమావేశంలోనే అధ్యక్షుడు "జాయింట్ సెక్రటరీ పదవికి ఎవరైనా ముందుకొస్తారా?" అని అడిగారు. సరిగ్గా అప్పుడే నేను మంచినీళ్ల కోసం చెయ్యెత్తాను. చప్పట్లు మోగాయి. ఏకగ్రీవమని మినిట్స్ పుస్తకంలో రాసేశారు. నీళ్లు మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

పదవి పెద్దది, పని చిన్నది. నెలనెలా సభ్యులందరికీ పోస్టుకార్డులు రాయాలి. మొదటి ఆదివారం పొద్దున్నే బొరుగుల ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ తెప్పించి, వరసలో నిలబడ్డవాళ్లకు వడ్డించాలి. ఎవరికి చక్కెర లేని టీ, ఎవరికి గింజలు తీసిన బజ్జీ, ఎవరిని ఎవరి పక్కన కూర్చోబెట్టకూడదు, అన్నీ నాకు కంఠతా వచ్చాయి. ఆఫీసులో నా పక్క బల్ల శ్రీరాములు రోజూ ఎత్తిపొడిచేవాడు. "ఏమప్పా బజ్జీల సెక్రటరీ! జీతం లేని ఈ కొలువుకి పింఛనన్నా ఇస్తారా?" అనేవాడు.

మరుసటి ఏడాది మే నెలలో గుమ్మఘట్ట మండలంలోని ఒక ఊరికి పంపారు. అక్కడ తాగునీటికి మూడు బోర్లుంటే మూడూ ఎండిపోయాయి. కొత్తగా మంజూరైంది ఒక్క బోరు. అది తప్పితే మళ్లీ వర్షాల తర్వాతే. సోమవారం పొద్దున రాయదుర్గం నుంచి బోరు వేసే రిగ్ బండి వస్తుంది, ఆలోగా నేను చోటు చూపాలి. మొదటి ఏడాది నేను చూపిన వాటిలో రెండు అప్పటికే దుమ్ము కక్కి ఉన్నాయి. మూడోది కూడా కక్కితే నా సంగతి ముందే చెప్పాను.

శుక్రవారం వెళ్లి ఊరి పక్క బీడులో సున్నంతో గీత గీశాను. సర్పంచి తిప్పమ్మ యాభై దాటిన మనిషి. ఊళ్లో ఆమె మాటకు ఎదురు లేదు, ఆమె భర్తతో సహా. నేల బాగా ఎండింది కాబట్టి రేపు రాడ్ల మొదట్లో చెంబెడు ఉప్పునీళ్లు పోయాలనీ, లేకపోతే మిషన్ మాట్లాడదనీ ఆమెకు చెప్పాను. ఎండిన మట్టిలోకి కరెంటు సరిగా దిగదు, అందుకని అందరం చేసే పనే అది. ఆమె తల ఊపింది.

శనివారం పొద్దున వెళితే నా గీత పొడుగునా, ఈ కొస నుంచి ఆ కొస దాకా, ఊడ్చి కల్లాపి చల్లి ఉంది. రాడ్లు దిగాల్సిన చోటల్లా ముగ్గు. నా మెడలో బంతిపూల దండ. ఇంతవరకు ఏ ఊళ్లోనూ నాకు టీ కూడా పోసినవాళ్లు లేరు. దండ బరువుకో ఏమో, బుర్ర పని చేయడం మానేసింది. రీడింగులు చూద్దును కదా, అంకెలు పాతాళానికి పడిపోతున్నాయి! ఆ గ్రాఫు ప్రకారం ఆ ఊరి కింద ఓడరేవు ఉండాలి. బోరు చోటుకు గుర్తుగా రాయి పాతి, టెంకాయ కొట్టించి, మీటరు తిప్పమ్మ ఇంట్లోనే పెట్టి, సాయంత్రానికి అనంతపురం చేరి రిపోర్టు ఇచ్చేశాను. మా డిప్యూటీ డైరెక్టరు సంతకం చేశారు.

మర్నాడు మొదటి ఆదివారం. బజ్జీల పళ్లెంతో పాటు గ్రాఫు కూడా పట్టుకుని హాలంతా తిరిగాను. వరసలో ఖాదర్‌వలీ సార్ ఉన్నారు. సీనియర్ జియాలజిస్టుగా రిటైరై నాలుగేళ్లయింది. ఉపన్యాసాలకు నిద్రపోయి, ఉగ్గాణికి లేచేవారు. ఆయన బజ్జీ నములుతూ గ్రాఫు చూశారు. నమలడం ఆపేశారు.

"ఇది యాడిదప్పా?"

చెప్పాను.

"మే నెల. ఎర్రనేల. పైనున్న మట్టిలోనే ఇంత తక్కువ అంకెనా?" అని, గ్రాఫు మీంచి తలెత్తి, "ఊరోళ్లు నీకు మర్యాద ఏమన్నా చేసినారా?" అని అడిగారు.

ఈ ప్రశ్న కోసమే కాచుకున్నవాడిలా దండ గురించి, ముగ్గుల గురించి, గీత పొడుగునా చల్లిన కల్లాపి గురించి చెప్పాను.

ఆయన గ్రాఫు నా చేతికిచ్చి, "నీళ్లు గాదప్పా ఇది. మర్యాద!" అన్నారు.

హాలంతా నవ్వింది. తర్వాత ఆయన నన్ను పక్కకు తీసుకెళ్లి, ఎనభైల్లో శింగనమల దగ్గర తనకూ ఇదే జరిగిందని చెప్పారు. అప్పుడు పోసింది కల్లాపి కాదు, పొలానికి తడి. రైతు ముందురోజు మడి తడిపిన సంగతి చెప్పలేదు, ఈయన అడగలేదు. బోరు వేస్తే మూడు వందల అడుగుల దాకా పొడి బండ. ఆ సంగతి ఏ ఫైల్లోనూ లేదు, ఆయన శ్రీమతికి కూడా చెప్పలేదట.

డిప్యూటీ డైరెక్టరు అక్కడే ఉన్నారు. ముందు నా వైపు కళ్లెర్ర చేసి, తర్వాత ఖాదర్‌వలీ సార్ వైపు చూసి, సర్వే మళ్లీ చేసి సవరించిన రిపోర్టు పెట్టమన్నారు. రిగ్ బండ్ల డ్రిల్లింగ్ ఇంజనీరు మల్లికార్జున కూడా మా సభ్యుడే. ఉదయం రావాల్సిన బండిని మధ్యాహ్నానికి మార్చమని బతిమాలాను.

"నెలనెలా నాకు గింజలు తీసిన బజ్జీ పెడతాండావు కాబట్టి సరే," అన్నాడాయన. "ఒంటిగంటకు వస్తా. రెండు నిమిషాలు ఆలస్యమైనా ఆ పాత రాయి మీదే దింపేస్తా."

ఖాదర్‌వలీ సార్ నాతో బయల్దేరారు. రిటైరైనాక బండ చూద్దాం రమ్మని ఎవరూ పిలవలేదని, నేను కూడా పిలవలేదని బస్సులో గుర్తుచేశారు.

సోమవారం తెల్లవారేసరికి ఊళ్లో ఉన్నాం. సంగతి చెప్పగానే తిప్పమ్మ నడుం మీద చెయ్యి వేసింది.

"మీరే గదప్పా, ఉప్పునీళ్లు పోస్తేగాని మిషను మాట్లాడదంటిరి?"

"చెంబెడు అన్నానమ్మా."

"సెంబెడు నీళ్లకే మాట్లాడే మిషను, నాలుగు బండ్ల నీళ్లు పోస్తే పాట పాడదా అనుకొంటిమి! మా ఉప్పుబావి నీళ్లు ఎనుములు గూడా తాగవు. పోతే పోనీలే, సారు మిషనన్నా తాగుతాదని తోడి పోయిస్తి."

"పాడిందిలేమ్మా," అన్నారు ఖాదర్‌వలీ సార్. "అబద్ధం పాట పాడింది."

పాత గీతకు దూరంగా, పొడినేల మీద మళ్లీ రాడ్లు దిగ్గొట్టాం. ఈసారి చెంబు నా చేతిలోనే ఉంచుకున్నాను. అంకెలు నిట్టనిలువుగా లేచాయి. కింద ఉన్నది ఓడరేవు కాదు, ఏకశిల. ఖాదర్‌వలీ సార్ ఊరి దిగువకు నడిచి, ఎండిన వంక మలుపు తిరిగే చోట ఆగారు. అక్కడ రాడ్లు దిగ్గొడితే గ్రాఫు గీత కాసేపు లేచి, ఒకచోట చిన్న సొట్టపడి, మళ్లీ లేచింది. ఆ సొట్ట మీదే ఆయన వేలు పెట్టారు.

చిక్కు అక్కడే వచ్చింది. చోటు మార్చడానికి తిప్పమ్మ ఒప్పుకోలేదు.

"ఆడ టెంకాయ కొట్టినాం. దేవునికి ఒక జాగా చెప్పి ఇంకో జాగాలో తవ్వితే ఆయప్ప ఏమనుకుంటాడు?"

"బండ యాడుండాదో ఆయప్పకు మనకన్నా ముందే తెలుసమ్మా," అన్నారు ఖాదర్‌వలీ సార్. "మీరు ఆడ టెంకాయ కొడతాంటే నవ్వుకోనుంటాడు."

అప్పటికే రిగ్ బండి పొగ రాయదుర్గం దారిలో కనిపిస్తోంది.

"సరే, ఇంకోటి కొడతాం," అంది. నా వైపు తిరిగి, "ఇదీ ఎండిపాయనంటే మూడో టెంకాయ మాత్రం నీ తలకాయ మీదనే," అంది.

నూట యాభై అడుగుల దాకా తెల్లటి రాతిపిండి తప్ప ఏమీ రాలేదు. ఊరంతా పిండిలో ముంచి తీసినట్టయింది. తిప్పమ్మ ఒళ్లో టెంకాయ ఉంది, నేను దాన్నే చూస్తున్నాను. నూట ఎనభై దాటాక పిండి ముద్దగా రావడం మొదలైంది. తర్వాత బురద, ఆ తర్వాత నీళ్లు. మా వైపు నీళ్లను ఇంచుల్లో చెబుతారు. రెండు ఇంచులు. ఓడరేవుకు చాలవు, ఊరికి చాలు.

తిప్పమ్మ దోసిలి పట్టి తాగి, మూతి తుడుచుకుంది.

"తీపుండాయి సారూ. ఒట్టు, ఇవి మేము పోసినవి గాదు."

మరుసటి ఏప్రిల్‌లో నా ప్రొబేషన్ పూర్తయినట్టు ఆర్డరు వచ్చింది. శ్రీరాములు దాన్ని రెండుసార్లు చదివి, సంఘం సభ్యత్వ ఫారం ఎక్కడ దొరుకుతుందని అడిగాడు. తర్వాత ఇరవై ఏళ్లు పనిచేసి, స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను. కొత్తగా ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లు అడిగితే ఒకటే చెబుతాను. సంఘంలో చేరండి, చేరి ఊరుకోకండి. ఏదో ఒక పని మీద వేసుకోండి. వేదిక మీద కూర్చునే పని కాకుండా వరసలో నిలబడ్డవాళ్లకు అందించే పని అయితే మేలు. నీళ్లు ఎలా పడ్డాయో పెద్దవాళ్లు మైకులో చెబుతారు. ఎలా పడలేదో మాత్రం బజ్జీ తింటూ, పక్కనున్నవాడికే చెబుతారు.