కరెంటు పోయిందన్న కబురు

పటాన్‌చెరు దగ్గర మా ఫ్యాక్టరీలో మూడు షెడ్లు, షెడ్డుకొక కంప్యూటర్ ఉండేవి. ఏది ఆగినా నా సెల్‌ఫోన్‌కు మెసేజ్ వచ్చే ఏర్పాటు నేనే చేశాను. ఆ మెసేజ్ పంపే వేరే కంప్యూటర్‌కు కంపెనీవాళ్లు బ్యాటరీ ఇచ్చారు గానీ, దాన్ని ఫోన్ లైనుకు కలిపే మోడెమ్‌కు ఇవ్వలేదు. అడిగి అడిగి విసిగి మానేశాను. కరెంటుతోపాటు మోడెమూ ఆగిపోయేది గనక, కరెంటు పోయిందన్న కబుర్లన్నీ కరెంటు వచ్చాకే గుంపుగా వచ్చిపడేవి.

ఒక ఆదివారం అన్నం తింటుంటే ఫోన్ వరసగా మోగింది. అలవాటుగా లేవబోయాను.

"కూసొని తినుండ్రి," అంది నా భార్య. "అది మోగిందంటే ఆడ కరెంటొచ్చినట్టే గదా."

నిజమే. కూర్చున్నాను. అప్పటినుంచి ఫోన్ మోగితే నిమ్మళంగా తినేవాణ్ని. మోగని రోజే, అక్కడ కరెంటు ఉందో పోయిందో తెలియక, ముద్ద దిగేది కాదు.